పద్నాలుగో ప్రశ్న

తిరుమలగిరి

మా బిడ్డ సంతోషికి నాయిన దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. మిర్యాలగూడలో నీకు కొత్త ఆఫీసు, కొత్త గది అలవాటయ్యాయని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. గొర్లకు టీకాలు వేయించాను. ఒక పిల్ల తల్లిపాలు తాగక, మీ అమ్మ చేతిలో సీసాతో పెరుగుతోంది. అది అమ్మ కొంగు వదలడం లేదు. బోరు నీళ్లు మానేశాను. నువ్వు చెప్పినట్టు ఫిల్టరు నీళ్లే తాగుతున్నాను.

నా రక్తం రిపోర్టు చూసి, "ఏ అలవాటూ లేని నీకు కిడ్నీలు ఎందుకు దెబ్బతింటయి నాయినా, నీళ్లవల్లనే కావచ్చు" అని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. చెబుదామని రెండుసార్లు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే వేరే మాటలు మాట్లాడి పెట్టేశాను.

రెండు వారాల కింద మీ కిడ్నీ సర్వే మళ్లీ వచ్చింది. నీ స్థానంలో కిరణ్ అనే పిల్లవాడు వస్తున్నాడు, నెమ్మదస్తుడు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి బీపీ చూశాడు, ప్రశ్నలు అడిగాడు. పద్నాలుగోది, నొప్పి గోళీలు వాడతారా అని. ఆరేళ్లుగా నీకు చెప్పిన జవాబే నోటిదాకా వచ్చింది. ఆగి అడిగాను.

"ఒక్కడు తప్పు జెప్తే ఏమైతది బిడ్డా?"

"ఎనిమిది వందల మందిని ఏండ్లకేండ్లు సూస్తున్నం పెద్దయ్యా. ఎవరేం వాడిన్రు, తర్వాత ఎవరికి జబ్బొచ్చింది, రెండూ పక్కపక్కన పెట్టి సూస్తం. గోళీలు మింగినోళ్లు మింగలేదంటే, తప్పు నీళ్ల మీదికి పోతది."

అప్పుడు చెప్పేశాను సంతోషీ. రోజుకు రెండు గోళీలు, తొమ్మిదేళ్లుగా. గొర్ల వెంట తిరిగి కాళ్లు పీకుతుంటే కిరాణా దుకాణంలో కొని మింగేవాణ్ణి. అమ్మకు తెలుసు. నీతో చెప్పకుండా ఆమెను నేనే ఆపాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, అందరికన్నా ముందు నన్నే అడిగావు. లేదన్నాను. "మా నాయినకు ఏ అలవాటు లేదు" అని నలుగురికీ వినబడేలా అని, నవ్వుతూ రాసుకున్నావు. ఆ నవ్వు పోగొట్టలేక ప్రతి ఏడూ అదే చెప్పాను.

కిరణ్ పాత జవాబులు కొట్టెయ్యలేదు. పక్కన ఆ రోజు తేదీ వేసి అసలు సంగతి రాశాడు. నా వెనక కూర్చున్న రాములమ్మ మెల్లగా, "నాది గూడ మార్చు సారూ" అంది. ఆమె తర్వాత ఇంకో నలుగురు అడిగారు.

మర్నాడే అమ్మను తోడు తీసుకుని సూర్యాపేట పోయి డాక్టరుకు ఉన్నదంతా చెప్పాను. గోళీలు పూర్తిగా మానేస్తే, ఉన్న కిడ్నీ చాలావరకు కాపాడుకోవచ్చన్నాడు. మానేశాను. కాళ్లకు అమ్మ వేడినీళ్ల కాపడం పెడుతోంది.

నా మీద కోపం వస్తే రానీ. కానీ ఆరేళ్లు చేసిన పని పాడైందని కుమిలిపోకు. నువ్వు సరిగ్గానే అడిగావు బిడ్డా. జవాబు చెప్పినవాడే సరిగ్గా చెప్పలేదు.

ఇట్లు,
నీ నాయిన
గౌరయ్య