వేలెడంత చేపలు

కొత్తగూడ,
2004, ఆషాఢం.

చిరంజీవి హేమలతకి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, మీ నాన్న, ఎద్దులు క్షేమం. మీ నాన్న దగ్గు కూడా క్షేమంగానే ఉంది, చుట్ట మానితే కదా అది మానేది. విజయనగరంలో నువ్వు, నీతో నర్సు ట్రైనింగు చేస్తున్న పిల్లలు బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం సంతలో పోస్టాయన చేతికిచ్చాడు. ఎప్పుడూ మేష్టారి చేత రాయించేదాన్ని, ఈసారి నేనే రాస్తున్నాను. రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు, ఒత్తులు తప్పితే సర్దుకుని చదువుకో. ఇంకొకరి చేత రాయించే సంగతి కాదు ఇది.

నువ్వడిగినవాటికి జవాబు చెబుతాను. వానలు బాగా పట్టాయి. చోడి మొలక లేచింది. కాఫీ మొక్కల కింద కలుపు తీశాం. తెల్లావు ఈనింది, పెయ్యదూడ. పుట్టినప్పటినుంచీ దానికి నీ పొగరే.

పెరట్లో జలపాతం ఎలా కట్టావమ్మా అని అడిగావు. తమ్ముడు ఫల్గుణ అరకులో గెస్టుహౌసు పనికి వెళ్ళాడు కదా. అక్కడ లక్ష్మణరావు మేస్త్రీ దగ్గర రాళ్ళు మోసి, టూరిస్టుల కోసం చేపల చెరువు, దాని మీద జలపాతం కట్టి వచ్చాడు. వచ్చిన రోజు అన్నం తింటూ ఒకటే నవ్వు.

"అమా, ఆల్లు మన కొండలు సూడ్డానికొచ్చి గది ముందర దొంగ గెడ్డ కట్టించుకుంటన్నారే! మోటారెట్టి నీల్లు పైకి తోలతన్నారు. మనకి మోటారెందుకు? ఇంటెనకాలే గెడ్డ పారతంది. మనమూ కట్టీసుకుందాం."

"ఇల్లు కారతంటే సూడడు గానీ, ఈడికి పెరట్లో గెడ్డ కావాలట," అని మీ నాన్న.

తిట్టు తిట్టుకీ ఇంకో తట్ట మన్ను తవ్వాడు. గొయ్యి తీసి, పుట్టమన్ను తెచ్చి అడుగున పరిచి, ఎద్దును తిప్పి తొక్కించాడు. చుక్క నీరు ఇంకలేదు. గెడ్డలో పిల్ల చేపల్ని గుడ్డతో పట్టి కుండలో తెచ్చి వదిలాడు. జలపాతానికి రాళ్ళు పోగేశాడు గానీ, జ్వరం వాడిని పేర్చనివ్వలేదు. ఆ తర్వాతిది నువ్వూ చూశావు, మళ్ళీ రాయను.

నువ్వు వెళ్ళాక చెరువు నీళ్ళు పచ్చబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. అవి అలా నోరు తెరుస్తుంటే చూడలేక రాళ్ళ మీద చెయ్యి వేశాను. మీ నాన్న గెడ్డ నుంచి సన్నటి కాలువ తవ్వాడు. నేను పేర్చాను. మమ్మల్ని పలకరించడానికి వచ్చిన మేస్త్రీ చూసి తల అడ్డంగా ఊపాడు.

"అలా వాలుగా పేరిస్తే జలపాతం అవదమ్మా. నిట్టనిలువుగా నిలబెట్టు, నీళ్ళు దూకాలి."

"మా గెడ్డ దూకదు బాబూ, మెట్టుమెట్టుకీ ఆగి దిగతాది," అన్నాను.

చిన్నప్పటినుంచీ చూసిన గెడ్డ ఎలా ఉందో అలాగే పేర్చాను. ప్రతి రాతి కింద చిన్న మడుగు. నీళ్ళు అందులో ఒక తిరుగు తిరిగి కిందికి జారేవి. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన మాట ఎందుకు వినాలో మొన్ననే తెలిసింది.

ఇక నీ పెద్ద ప్రశ్న. తమ్ముడి పెద్ద దినం ఇంకా ఎందుకు చెయ్యలేదని. నీ మేనత్త కమల కూడా సంతలో నలుగురి ముందూ దెప్పింది.

"వదినా, నీ సేపలెదిగేదెప్పుడు, నా కొడుకు పెళ్ళయ్యేదెప్పుడు? ఆడికి నెత్తి నెరిసిపోతాంది. ఈ మాగం కూడా దాటిందంటే నానింకో గడప తొక్కుతాను, నన్నేటీ అనకండి."

ఆమె తప్పేం లేదు. పెద్ద దినం అవకుండా ఇంట్లో పందిరి వెయ్యకూడదు. పోయినవాడి చేతి కష్టం వండి ఊరందరికీ పెట్టాలి, వాడి వాటా ఆకులో పెట్టి, పెద్దల్లో కలవమని పంపాలి. వాడి కష్టం ఆ చేపలే. అవి ఎదగనీ, అప్పుడు చేద్దాం అని మీ నాన్న, నేను అనుకున్నాం. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ చేపలెంతయ్యాయని అడుగుతావు, వేలెడంతే ఉన్నాయని నేను రాయిస్తాను.

అమ్మా, అది అబద్ధం. పోయిన చలికాలానికే జానెడయ్యాయి. మీ నాన్నని చెరువు దగ్గరికి పోనివ్వలేదు, బెదిరిపోతాయని చెప్పాను. మేత నేనే వేశాను. ఊరికి ముహూర్తాలు పెట్టే సోంబరు దిసారి మంచి రోజు చూసి వస్తే రెండుసార్లు తిప్పి పంపాను. పెద్ద దినం అయ్యేదాకా అన్నం వండినప్పుడల్లా వాడి పేరున ఒక ముద్ద తీస్తాం కదా. ఆ తర్వాత తియ్యకూడదు. కుండలో చెయ్యి పెట్టి, ఆ ముద్ద తియ్యకుండా మీ నాన్నకి ఎలా వడ్డించాలో నాకు తెలియలేదు. అందుకని నీ పెళ్ళి ఆపాను. నువ్వు నన్నేమన్నా పడతాను.

మొన్న పెద్ద వాన కురిసింది. కాలువ నిండి జలపాతం బలిసింది. పొద్దున్నే పొరుగింటి అసిరమ్మ నిప్పుకని వచ్చి పెరట్లోంచి కేకేసింది.

"ఓలమ్మ! గంగా, బేగి రాయే! నీ సేపలు కొండెక్కీతన్నాయి!"

వెళ్ళి చూస్తే, గెడ్డ చేపలు కదా, కొత్తనీరు తగలగానే ఎదురెక్కుతున్నాయి. నేను పేర్చిన మెట్ల మీదుగా, ఒక్కో మడుగులో ఊపిరి తీసుకుని పై మడుగులోకి ఎగురుతున్నాయి. అక్కడినుంచి కాలువలోకి, కాలువలోంచి గెడ్డకి. రాళ్ళు నిలువుగా ఉంటే ఒక్కటీ పోయేది కాదు. మీ నాన్న పరుగున వచ్చాడు. రాయి మీద పడి కొట్టుకుంటున్న చేపని తీసి మోచేతి మీద ఆనించి చూసుకున్నాడు.

"ఏటే, ఏలెడన్నావు?"

"ఏ రాచ్చసుడి ఏలే అది, గంగా?" అని అసిరమ్మ విరగబడి నవ్వింది. మీ నాన్న మొహం చూసి ఆపేసింది.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చేతిలో చేపని నీళ్ళలోకి జారవిడిచి, "సెప్పు. పట్టీమంటావా, ఒగ్గీమంటావా?" అన్నాడు.

నేను జలపాతం మధ్యలో దిగి అడ్డంగా కూర్చున్నాను. నీళ్ళు నడుం దాకా కొట్టాయి. చేపలు నా పిక్కలకి తగిలి పక్కనుంచి ఎగిరి పోతూనే ఉన్నాయి. ఏడాదిపాటు మేత వేసిన చేతిని ఒక్కటీ గుర్తుపట్టలేదు. పోనిస్తే వాడి పేరు చెప్పి వండడానికి ఏమీ మిగలదు. వాడు ఎప్పటికీ గడప బయటే ఉండిపోతాడు, నువ్వూ అలాగే ఉండిపోతావు. అది తట్టేసరికి రెండు చేతులూ చాపి ఒకదాన్ని పట్టుకున్నాను. అది నా గుండెల మీద తోకతో కొట్టింది.

"కాలవ కట్టీ. దిసారిని పిలు," అన్నాను.

మీ నాన్న పార తీసుకుని వెళ్ళాడు. ఇప్పుడు జలపాతం ఎండిపోయింది. ఆ చప్పుడు లేక ఇల్లు చెవిటిదైనట్టుంది. చెరువులో కొద్ది చేపలే మిగిలాయి. ఊరందరికీ ముక్క రాదు, పులుసు వస్తుంది. అదే చాలు అన్నాడు దిసారి. అమావాస్య దాటిన మంగళవారానికి రోజు పెట్టాడు. మీ మేనత్తకి కబురు పంపాం, మాఘానికి పందిరి తనే వేస్తానంది.

ట్రైనింగులో సెలవు అడిగి ముందే రా. ఆ రోజు నేను కుండ దించుతాను గానీ అన్నం నువ్వు వడ్డించు. నా చెయ్యి ఇంకా అలవాటు పడలేదు.

బేగి రా తల్లీ. ఉన్నవాటికి రోజూ మేత వేస్తున్నాను. నువ్వు ఆలస్యం చేశావంటే, ఇవీ వేలెడే ఉన్నాయని మళ్ళీ చెప్పేస్తాను.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
అమ్మ, గంగ