ఆదివారానికి సగం గడి

అఖిల నాయినా,

నేను లైనింగు బట్టకు ఆత్మకూరు పోతున్న, పొద్దుగూకేలోపు వస్త. రొట్టెలు గుడ్డల చుట్టిపెట్టిన. పప్పు జర వేడి చేసుకో.

నువ్వు తెచ్చిన ప్లానర్ పుస్తకం వాపస్ ఇయ్యనీకి దుకాణానికి పోకు, వాడు తీసుకోడు. కొత్త వస్తువని, నేను తెరిచి చూడకముందే పాస్టరయ్య తానికి తీస్కపోయి ప్రార్థన చేయించినవు. ఆయన మొదటి పేజీల ఎర్ర సిరాతో వాక్యం రాసి, సంతకం గూడ పెట్టిండు.

నేను అడిగిందేంది? రోజుకో పేజీ ఉండే డైరీ. ఎవరి జాకెట్టు ఎప్పుడియ్యాలె, కొలతలేంది, అన్నీ ఒక్క తాన రాసుకుందామని. నీ దాంట్లనేమో ఎన్ని గ్లాసుల నీళ్లు తాగిననో గీతలు పెట్టాలె, నా మనసెట్లుందో మూతిబొమ్మ గీయాలె. మూతి ఎట్లుందో నీకు బొమ్మ లేకున్నా తెలుసు. వారమంతటికి ఒక్కటే పేజీ, అండ్ల ఆదివారానికైతే సగం గడే ఇచ్చిండ్రు. ఆరాధన, సండే స్కూలు, మీ అక్క, ఆమె పిల్లలు, అందరూ గా సగం గడిల ఇరుక్కోవాల్నా? పుస్తకం కొనేటప్పుడు అట్ట కాదు, రాసేటోళ్ల పని చూడాలె.

అయినా నా పనికని ఒక పుస్తకం కొన్నోనివి నువ్వొక్కనివే. అందుకే తిట్టుడు ఇంతటితోని ఆపుతున్న.

సారమ్మ

మరిచిన. ఈ ఆదివారం సగం గడిల 'కోడికూర అఖిల నాయిన వండాలె' అని రాసిన. ప్రార్థన చేసిన పుస్తకం, రాసింది కొట్టేయనీకి రాదు.