మిమ్మల్ని అడగకుండా రాసిన సంగతి

అప్పా,
ఒళ్ళు బాగుంది, మనసే కుదురుగా లేదు. ఫోన్లో అడగలేక కార్డు రాస్తున్నాను.

భయం గురించి మామూలు జనం కోసం రాసిన నా సైకాలజీ పుస్తకం పదో తేదీన ప్రెస్సుకు పోతుంది. గనిలోకి మనుషుల్ని దించే ఇనప బోను, ఆ కేజి, మధ్యలో ఆగి మీరు నాలుగు గంటలు చీకట్లో వేలాడింది, ఆ తర్వాత ఎన్నడూ లిఫ్ట్ ఎక్కనిది అందులో రాసినాను. మిమ్మల్ని అడగలేదు. పేరు పెట్టకపోయినా మన గని క్వార్టర్స్ లైన్లో అందరికీ తెలిసిపోతుంది.

నిన్న ఆ పుస్తకం గురించి మాట్లాడను పబ్లిషరు రమ్మంటే, ఆయన ఆఫీసుండే ఆరో అంతస్తుకు మెట్లెక్కి పోయినాను. "ఏం మేడం, భయం పోగొట్టే పుస్తకం మీదేనా?" అని లిఫ్టు ఆయన నవ్వినాడు. నేను గనిలోకి దిగిందే లేదు కదప్పా.

అమ్మ బీపీ మాత్రలు మానేయలేదు కదా?

మీరు వద్దంటే అమ్మ చేత ఫోన్ చేయించండి. మీ సంగతి తీసేసి, ఆ చోట నా మెట్ల సంగతి రాస్తాను.

ప్రార్థనలో నన్ను తలుచుకోండి.
మీ ఫిలోమినా