అద్దానికి ఇవతల

మార్చి 3

కడుపు కోసి పిల్లని బయటికి తీసి మూడు రోజులైంది. ఇరవై తొమ్మిదో వారం. నా బీపీ ఆగలేదు, డాక్టర్లూ ఆగలేదు. ఆడపిల్ల. పదకొండు వందల నలభై గ్రాములు. ఈరోజు వీల్‌చెయిర్‌లో తీసుకెళ్ళి చూపించారు.

నేను ఏడుస్తానని అందరూ నా మొహం వంక చూస్తూ నిలబడ్డారు. నాకు ఏడుపు రాలేదు. ఇది ఎవరి పిల్ల అనిపించింది. ఇంక్యుబేటర్‌లో ముక్కుకో గొట్టం, నోట్లో ఇంకో గొట్టం, పాదానికి ఎర్ర లైటు. డైపర్ చంకల దాకా వచ్చింది. వాళ్ళ దగ్గర ఉన్నవాటిలో అదే చిన్నదట.

ఈ మాట ఎవరితోనూ అనలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 5

మూడు ఎమ్మెల్. ముప్పావుగంట పంపు పెట్టుకుంటే మూడు ఎమ్మెల్ పాలు. సిస్టర్ దాన్ని సిరంజిలోకి లాగి, బంగారం అంది. ఒళ్ళు మండింది.

అమ్మ ఫోన్ చేసి ఏడవకు, ఏడిస్తే పాలు ఇంకిపోతాయంది. ఏడుస్తున్నానని నీకెవరు చెప్పారమ్మా అని పెట్టేశాను.

మార్చి 6

నేను స్కూల్లో ఆటల టీచర్ని. గ్రౌండ్‌లో విజిల్ వేస్తే నూట ఇరవై మంది ఉన్నచోటే ఆగిపోతారు. ఇక్కడ నాకు చేతులు కడుక్కోవడం కూడా రాదు. మోచేతుల దాకా రుద్దలేదని పెద్ద సిస్టర్ రెండుసార్లు వెనక్కి పంపింది. ఆవిడకి నేను పెట్టిన పేరు హెడ్మాస్టరు.

మూడోసారికి పాసయ్యాను. ఇంక్యుబేటర్ గోడకున్న గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెట్టి పిల్ల వీపు నిమిరాను. వెంటనే మిషన్ కుయ్యోమంది. ఇంత చిన్నవాళ్ళని నిమరకూడదట. చిరాకట. కదపకుండా చెయ్యి ఊరికే ఆనించాలట.

నా పిల్లకి నా చెయ్యంటే అలారం.

మార్చి 9

మా ఆయన లిఫ్టు మెకానిక్. డ్యూటీ దిగి సరాసరి ఇక్కడికే వస్తాడు. వచ్చి మానిటర్ ముందు నిలబడతాడు. ఆక్సిజన్ తొంభై రెండు, గుండె నూట యాభై ఎనిమిది అని చదివి చిన్న నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటాడు. పిల్ల వైపు మాత్రం తిరగడు. ఈరోజు ఇక ఆగలేక, నీకు పుట్టింది ఆ మిషనా అని అడిగేశాను. పక్కనున్న కవలల తల్లి తల దించుకుంది. ఆయన నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళి కారిడార్‌లో కూర్చున్నాడు.

నేను వెళ్ళి పిలవలేదు.

మార్చి 12

నన్ను డిశ్చార్జ్ చేశారు. పిల్లని కాదు.

లిఫ్టులో ఒకావిడ బాబుని ఎత్తుకుని ఉంది. మూడు కిలోలకి తక్కువుండడు. కింద దిగేదాకా ఆ పసివాణ్ణి గుడ్లురిమి చూశాను. వాడేం చేశాడు పాపం.

మార్చి 13

ఊపిరి తీయడం మరిచిపోయింది. ఇరవై సెకన్లు. నేను చూస్తుండగానే పెదాలు నీలమయ్యాయి. నేను అరిచాను. హెడ్మాస్టరు పరుగెత్తలేదు, మామూలుగా నడిచొచ్చి అరికాలు మీద వేలితో తట్టింది. పిల్ల ఉలిక్కిపడి ఊపిరి తీసింది. నెలలు నిండని పిల్లలు అలా మరిచిపోతారట. అందుకే కాఫీలో ఉండే మందు ఇస్తున్నారట. పెద్దయ్యాక గుర్తుంచుకోవడానికి బోలెడు సంగతులుంటాయి, ఇప్పుడు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోవే తల్లీ.

ఇంటికొచ్చి బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పాలేమీ ఇంకిపోలేదు. పద్దెనిమిది ఎమ్మెల్.

మార్చి 16

రేపు పదకొండింటికి పిల్లని నా గుండె మీద పడుకోబెడతారట. కంగారూ కేర్ అంటారట. పేరుకి తగ్గట్టే కంగారుగా ఉంది.

మార్చి 17, ఉదయం 10

వార్డు గుమ్మంలో తుమ్మాను. ఒకే ఒక్క తుమ్ము. హెడ్మాస్టరు థర్మామీటర్ పట్టుకొచ్చింది. నూటొకటి. ఐదు రోజులు లోపలికి రావద్దంది. కాళ్ళు పట్టుకుంటానన్నాను. పట్టుకుంటే జలుబు నాకూ అంటుకుంటుంది, లోపలున్న పద్నాలుగు మందిని ఎవరు చూస్తారు అంది.

మధ్యాహ్నం 2

నాకు బదులు ఆయన్ని పిలిచారు. తండ్రి గుండైనా పరవాలేదట. ఆయన ఒప్పుకోలేదు. అద్దానికి ఇవతల నేను, అవతల ఆయన, ఇద్దరి చెవుల్లోనూ ఫోన్లు.

చేతులకి గ్రీజు వదల్లేదన్నాడు. నాలుగుసార్లు కడిగావు, లెక్కపెట్టాను అన్నాను. అప్పుడు చెప్పాడు. ఆపరేషనైన రోజు నేను మత్తులో ఉండగా, పిల్ల దక్కకపోవచ్చని డాక్టర్ ఆయనతో అన్నాడట. మొహం చూస్తే ఇక మరిచిపోలేను, అందుకే అంకెలు చూస్తున్నాను అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ మాట ఒక్కడే మోశాడు.

జాలి పడాల్సింది. పడలేదు. కోపం తన్నుకొచ్చింది. చొక్కా విప్పు అన్నాను. నా గుండె ఇప్పుడు పనికిరాదు, నీదే ఉంది, విప్పు అని అరిచాను. కారిడార్ మొత్తం నా వైపే చూసింది.

విప్పాడు. వైర్లతో సహా పిల్లని ఆయన ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పారు. కప్పపిల్లలా కరుచుకుపోయింది. ఆయన భుజాలు కదిలిపోవడం అద్దంలోంచి కనిపించింది. తర్వాత మెల్లగా ఆగాయి. గంటసేపు మిషన్ కిక్కురుమనలేదు. ఆయన ఒక్కసారి కూడా మానిటర్ వైపు తిరగలేదు. గడ్డం కిందికి వంచి పిల్ల మొహమే చూస్తూ కూర్చున్నాడు.

చేయించింది నేనే. అయినా అసూయతో చచ్చిపోయాను.

మార్చి 19

ఎడమ చెవి మీద నూగు ఉందట. నిద్రలో కనుబొమ్మలు ముడుస్తుందట, అచ్చం నీలాగే అన్నాడు. మోసింది నేను, పిల్ల ఎలా ఉంటుందో నాకు చెప్పేది ఈయన. ఇక చాలించు అన్నాను.

పంపు బిగించుకుని, ఇంకేం చేసింది అని అడిగాను.

మార్చి 22

జ్వరం లేదు. రానిచ్చారు.

గుండె మీద పెట్టగానే పిల్ల గింజుకుంది. అలారం. నాకు తెలుసు, నేనంటే గిట్టదు, తీసేయండి అన్నాను. హెడ్మాస్టరు తీయలేదు. కొత్త చోటు కదా, సర్దుకోనీ, నువ్వు ఊరికే ఊపిరి పీల్చు అంది. పీల్చాను. వదిలాను. ఎంతసేపో తెలీదు. పిల్ల పిడికిలి నా చర్మాన్ని పట్టుకుంది. గోరు చురుక్కున గుచ్చుకుంది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. మెడ కింద సన్నటి ఎర్ర గీత. ఒళ్ళు కడుక్కోబుద్ధి కాలేదు.

మార్చి 26

రాస్తున్నది నేను, వాళ్ళాయన్ని. తనే రాయమంది. చేతులు ఖాళీ లేవట. వెనక పేజీలు తిప్పితే చంపేస్తానంది. తిప్పలేదు. ఏం రాయాలి అని అడిగాను. ష్, పడుకుంది అంది.