అత్తగారి చేపలతొట్టి

అమ్మకు, నేను కులాసా. పోయిన కార్డు చదివి ఏడ్చావని చెల్లి రాసింది. ముందు కళ్ళు తుడుచుకో.

అత్తగారిని మెప్పిద్దామని నేను కొన్న ఆరు చేపల్ని ఆవిడ మాటా పలుకూ లేకుండా దుకాణంలో తిరిగి ఇచ్చేసి వచ్చారని రాశాను కదా. గాజుతొట్టిలో ఇసుక పరిచి, మొక్కలు నాటి, నేను నీళ్ళు నింపింది ఆ ముందురోజే. కొత్త నీళ్ళలో చేపలు బతకవట, నాకేం తెలుసు! ఆవిడ ముప్పై ఏళ్ళు ల్యాబులో రక్తపరీక్షలు చేసిన మనిషి. నెలన్నరపాటు రోజూ పొద్దున్నే ఆ నీళ్ళు చిన్న సీసాలో తీసి, మందు చుక్కలు వేసి, రంగు చూసి "ఇంకా కాదు" అనేవారు. మొన్న రంగు కుదిరింది. "పద, నీ చేపల్ని తెచ్చుకుందాం" అన్నారు. ఒకదాన్నొకటి పొడుచుకోని రకాలు ఏరి తెచ్చాం. అప్పుడూ వదలనివ్వలేదు; చేపలున్న ప్లాస్టిక్ సంచితో సహా నీళ్ళమీద తేలనిచ్చారు.

"ఇంకా ఎందుకత్తయ్యా ఆలస్యం?" అన్నాను.

"కొత్తచోటు కదమ్మా, అలవాటు పడనీ. నీకు మాత్రం వచ్చీ రాగానే ఏ పనైనా చెప్పానా?"

నన్ను దూరం పెడుతున్నారనుకున్నాను చూడు! ఆవిడ ఓపికకు దణ్ణం పెట్టాలి. ఇప్పుడు మొక్కల సందుల్లో చేపలు తిరుగుతుంటే ఇద్దరం కాఫీ చల్లారేదాకా చూస్తూ కూర్చుంటున్నాం.

నాన్న మోకాలు ఎలా ఉంది? నా నీలం స్వెట్టరు పార్సిల్ చేయి. చెల్లికి ముద్దులు, మీ ఇద్దరికీ నమస్కారాలు.

నన్ను తీసుకెళ్ళడానికి నాన్న కొన్న రైలు టికెట్ తిరిగి ఇచ్చేసి రమ్మను.

నీ పెద్దమ్మాయి