నీ సాక్ష్యం నేను చెప్పాను

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు పేరిట నీ అన్న వందనాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అనడానికి గదిలో ఉన్నది నేనూ, గోడ మీద ఒక బల్లీ. ఇద్దరం క్షేమమే. అక్కడ అమ్మ, మరదలు, నువ్వు మాకంటే బాగుండాలని కోరుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. వరసగా జవాబులు చెబుతాను. మరదలు అడిగిన పన్ను పీకించేశాను. పీకినాయన పక్క పన్ను మీద కూడా కన్నేశాడు గానీ నేను నోరు మూసేశాను. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూయడం అదే మొదటిసారని అమ్మకు చెప్పు. పని ఎలా ఉందన్నావు. ఆసుపత్రి లాండ్రీలో పని ఎలా ఉంటుంది? రోగుల దుప్పట్లన్నీ మా దగ్గరికి వస్తాయి, రోగులు తప్ప. మిషన్ల మోతకు ఒకరి మాట ఒకరికి వినపడదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సైగలే. నా నోటికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా? ఆ ఉక్రోషం కొద్దీ మొన్న మా సూపర్‌వైజర్ జేబురుమాలుకు చిక్కటి గంజి పెట్టి, అట్టముక్కలా ఇస్త్రీ చేసి ఇచ్చాను. తుమ్మి తుడుచుకోబోతే ముక్కు గీరుకుపోయింది. ఇంటికెళ్ళి భార్యను అనుమానించాడట, పాపం.

ఇక అమ్మ అడిగిన మాట, చర్చిలో నన్ను బాగా చూసుకుంటున్నారా అని. దానికి జవాబు రాయలేకే రెండు నెలలుగా ఉత్తరం వేయలేదు. తీరిక లేదని చెప్పి పంపింది ఉత్తమాట. ఇక్కణ్ణుంచి ముందు నువ్వు చదువు, ఆ తరవాతే అమ్మకు వినిపించు.

మొదటి ఏడు నెలలూ నేను చివరి బెంచీలో కూర్చున్నాను. గుమ్మం దగ్గర పాటల పుస్తకాలిచ్చే పెద్దాయన ప్రతి ఆదివారం నా చెయ్యి పట్టుకుని, "కొత్తగా వచ్చారా?" అని అడిగేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. ఒక వారం గొంతు మార్చి అవునన్నాను. ఇంకో వారం కుంటుకుంటూ వెళ్ళాను. ఆయనకు రెండూ ఒకటే. ఏడో నెలకు నాకు నవ్వు రావడం మానేసింది. ఆరాధన అయ్యాక అందరూ వెనక హాల్లో కలిసి భోంచేస్తారు. ఎవరి బల్ల వాళ్ళకుంది. నేను గదికొచ్చి గిన్నెలోంచే తినేసేవాణ్ణి, ఒక్కడికి పళ్ళెమెందుకని.

ఒక ఆదివారం పాస్టరుగారు, దేవుడు మీ బతుకుల్లో ఏం చేశాడో లేచి సాక్ష్యం చెప్పమన్నారు. ఒకాయన ప్రమాదంలోంచి బయటపడ్డానన్నాడు. ఒకావిడ ఆపరేషను లేకుండా జబ్బు నయమైందంది. మరి నాకేముంది? తాగలేదు, దొంగిలించలేదు, చావు దాకా వెళ్ళి రాలేదు. ఎంత వెతికినా నా బతుకులో దేవుడికి చెయ్యడానికి ఒక్క పని కనపడదు. అయినా నా కాళ్ళు లేచాయి. కాళ్ళు లేచాక నా నోరు ఊరుకోదు కదా.

తమ్ముడూ, నీ సాక్ష్యం నేను చెప్పాను.

అమ్మ కుట్టుమిషన్ అమ్మేసి తాగింది నేనేనన్నాను. మూడేళ్ళు ఇంటి మొహం చూడలేదన్నాను. మురిక్కాలవ పక్కన పడి ఉంటే అమ్మ ప్రార్థన చెవిలో వినపడి లేచానన్నాను. గుమ్మంలో అమ్మ వాటేసుకుని కొత్త చొక్కా తొడిగిందన్నాను. నీకన్నా బాగా చెప్పాను, దేవుడు క్షమించాలి. ముందు బెంచీలన్నీ కళ్ళు తుడుచుకున్నాయి. ఆ రోజు మూడు బల్లల వాళ్ళు నన్ను భోజనానికి లాగారు. అప్పట్నుంచి నేను 'సాక్ష్యం అన్న'ని అయిపోయాను.

ఆ చొక్కా సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. మిషన్ పోయాక అమ్మ అది నాకోసం చేత్తో కుట్టింది. ఇస్త్రీ చేసి మేకుకు తగిలించుకుంది నేను. నువ్వు రాగానే అమ్మ దాన్ని తీసి నీకు తొడిగింది. నేను ఏడుస్తుంటే అందరూ సంతోషమనుకున్నారు. సగం సంతోషమే.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. అంతలో తాగుడు వల్ల ఉద్యోగం పోయిన బస్సు డ్రైవరు ఒకతన్ని అతని భార్య నా దగ్గరికి తీసుకొచ్చింది. "అన్నా, మానేసిన కొత్తలో చేతులు వణికితే ఏం చేసేవాడివి?" అన్నాడు. ప్రార్థన చేసేవాణ్ణన్నాను. "అది నేనూ చేస్తున్నా. వణుకు ఆగేదాకా చేతుల్ని ఏం చేసేవాడివి?" అతని గ్లాసులో నీళ్ళు నా మోకాలి మీద చిందుతున్నాయి. ఊళ్ళో అందరికీ ఎదురుమాట చెప్పే నీ అన్న ఆ గ్లాసు తీసి కింద పెట్టాడు, అంతే.

ఆ మరుసటి ఆదివారం లేచి ఉన్నమాట చెప్పేశాను. ఆ కథ మా తమ్ముడిది, ఈ ఊరు వచ్చేదాకా నేను ఇల్లు కదిలిందే లేదు అన్నాను. వేళాకోళమనుకుని ఇద్దరు నవ్వారు. తరవాత ఎవరూ నవ్వలేదు. అందరూ హాల్లోకి వెళ్ళారు. నన్ను ఎవరూ పిలవలేదు. బయట గోడ పక్కన నిలబడి పళ్ళేల చప్పుడు వింటూ ఉండిపోయాను.

అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ మనిద్దరికీ చెప్పిన కథ, తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకుది. అందులో నువ్వెవరో నాకెప్పుడూ తెలుసు. ఇంట్లో ఉండిపోయిన పెద్దకొడుకు, తమ్ముడు తిరిగొచ్చాడని తండ్రి చేసిన విందుకు రాకుండా బయటే నిలబడతాడే, వాడంటే నాకు ఒళ్ళుమంట. అయితే తండ్రి విందు మధ్యలో లేచి వాడికోసం కూడా బయటికొస్తాడు. అది ఇన్నేళ్ళూ నా చెవికెక్కలేదు. చెప్పుకోవడానికి వాడి దగ్గర ఏ కథా లేదు, వాడు కొడుకు, అంతే.

కాసేపటికి డ్రైవరు రెండు పళ్ళేలతో బయటికొచ్చాడు. చేతుల వణుక్కి సగం దారిలోనే ఒలికిపోయింది. "తాగుడు నీకు తెలీదని తేలిపోయింది. కూర్చోవడం తెలుసుగా, కూర్చో" అన్నాడు. మెట్ల మీద కూర్చున్నాం. అతను తినేదాకా అతని పళ్ళెం నేను పట్టుకున్నాను.

ఇది జరిగి మూడు వారాలైంది. పెద్దాయన ఇప్పుడు కొత్తగా వచ్చారా అని అడగడం లేదు. గుర్తుపట్టాడు. చెయ్యి మాత్రం పట్టుకోవడం లేదు. నేను చివరి బెంచీకే వెళ్తున్నాను. డ్రైవరు కొన్ని సాయంత్రాలు నా గదికొచ్చి ఊరికే కూర్చుని వెళ్తాడు. అతనికోసం ఇంకో పళ్ళెం కొన్నాను. నిన్న రాలేదు. ఇవాళా ఇంతవరకూ రాలేదు.

కోపమొస్తే తిట్టు. తిట్లు మాత్రం నీ చేత్తోనే రాయి, మరదలి చేత రాయించకు. వాటి కిందే, చేతులు వణికిన రోజుల్లో నువ్వేం చేశావో ఏదీ దాచకుండా రాయి. అతనికి చదివి వినిపిస్తాను, ఈసారి ఇది మా తమ్ముడిదని చెప్పి.

ఇట్లు,
ఎన్నడూ తప్పిపోని
మీ అన్నయ్య