వంద గుండీల కంపెనీ

1వ తేదీ, సోమవారం. ఉదయం 5.00

లేచాను. సాక్షులెవరూ లేరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

కంపెనీ లా పరీక్ష 29న. రాయడం ఇది మూడోసారి. మా యూనివర్సిటీలో ఒక పేపరుకి మూడు అవకాశాలే. మూడోసారీ పోతే వెనక్కి వెళ్లి ఆ సంవత్సరమంతా మళ్లీ చదవాలి. మా చెల్లెలు ఇప్పుడు సరిగ్గా ఆ సంవత్సరంలోనే ఉంది. ఇదే పేపరు మొదటిసారి రాస్తోంది. నేను పోయి అది పాసైతే, వచ్చే ఏడాది నుంచి అది నాకు సీనియర్. దాన్ని ఎత్తుకుని పెంచినదాన్ని నేను.

కాబట్టి అలా జరగదు. పుస్తకం 840 పేజీలు. చేతిలో 28 రోజులు. రోజుకి 30 పేజీలు. లెక్క ఇంత చక్కగా తెగిందంటే దేవుడు నా పక్షమే.

5.20: పెద్ద చార్టు మీద గళ్లు గీశాను.
7.00: గళ్లకి నాలుగు రంగులు వేశాను.
9.30: రంగులు ఆరాయి. చదువు రేపటి నుంచి. పునాది గట్టిగా ఉండాలి కదా.

2వ తేదీ, మంగళవారం

5.00 అలారం. 5.10 ఇంకోసారి. 7.30 అమ్మ వచ్చి దుప్పటి లాగేసింది.

11 పేజీలు చదివాను. ఎంత గొప్ప సబ్జెక్టు. చట్టం దృష్టిలో కంపెనీ అంటే ఒక మనిషట. దానికి పేరుంటుంది, ఆస్తి ఉంటుంది, కావాలంటే కోర్టుకెక్కుతుంది. కానీ ఆకలి లేదు, నిద్ర లేదు, చావు లేదు, తనకంటే బాగా చదివే చెల్లెలు లేదు. చాలాసేపు అసూయపడ్డాను. అందువల్ల పన్నెండో పేజీకి వెళ్లలేకపోయాను.

4వ తేదీ, గురువారం

నిన్న సున్నా. ఇవాళ 2. మొత్తం 13. ఇక రోజుకి 35 చదివితే సరిపోతుంది. ముప్పై చదవలేనిది ముప్పై అయిదు ఎలా చదువుతుందని అడగడానికి ఇది డైరీ, కోర్టు కాదు.

5వ తేదీ, శుక్రవారం

దారి దొరికింది. ఇవాళ క్లాసులో మాస్టారు అన్నారు: "కంపెనీ నడవడం చూడకపోతే ఈ సబ్జెక్టు బుర్రకెక్కదు." నిజమే. ఈత పుస్తకంలో నేర్చుకుంటామా? మా ఇంటినే కంపెనీ చేసేశాను.

వాటాలకి బదులు అమ్మ కుట్టుపని డబ్బాలోంచి వంద గుండీలు తీశాను. నాయనమ్మకి 40 (తక్కువిస్తే ఆడనంది), అమ్మకి 30, నాన్నకి 15, చెల్లికి 10, నాకు 5. స్థాపించినవాళ్లకి ఆశ ఉండకూడదు.

నాన్న చైర్మన్. అమ్మ ఇంటి డైరెక్టరు. నేను చదువు డైరెక్టరు. చెల్లి కంపెనీ సెక్రటరీ, అంటే నోటీసులు పంపి, మీటింగులో ఎవరేమన్నారో రాసి, అందరిచేత తిట్లు తినే ఉద్యోగం. నియమావళి నేనే రాశాను. దాని ప్రకారం ముందుగది, అందులో బల్ల, చప్పుడు చేయని ఒకే ఒక్క ఫ్యాను చదువు డైరెక్టరువి. అంట్లు, బట్టలు, మార్కెట్టు పనులనుంచి మినహాయింపు. ఏకగ్రీవంగా ఆమోదించారు. నాన్న ఒళ్లు విరుచుకోవడానికి చేతులెత్తాడని చెల్లి అంటోంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే.

పేజీలు: 0. కానీ ఒక కంపెనీ పుట్టింది.

8వ తేదీ, సోమవారం

కంపెనీకి ముద్ర ఉండాలి. రబ్బరు ముక్క మీద బ్లేడుతో చెక్కాను. మూడు గంటలు పట్టింది. అక్షరాలు తిరగబడ్డాయి. మళ్లీ చెక్కాను. ఇంకో మూడు గంటలు.

పేజీలు: 0. ఇకపై రోజుకి 42.

11వ తేదీ, గురువారం

పుస్తకం చెల్లి తీసుకెళ్లింది. మీటింగు వివరాలు ఎలా రాయాలో చూసుకుంటుందట. నా దగ్గర ఖాళీగా పడి ఉండేకంటే నయం కదా అని ఇచ్చాను.

నాయనమ్మకి కంపెనీ పిచ్చి పట్టింది. టీ తాగుతూ అడిగింది: "ఏమే, నా నలభై గుండీలూ పక్కింటావిడకి ఇచ్చేయొచ్చా?"

"ఇవ్వొచ్చు నాయనమ్మా, నీ ఇష్టం" అన్నాను.

"ఇది ప్రైవేటు కంపెనీ నాయనమ్మా. బయటివాళ్లకి అలా ఇవ్వడానికి లేదు. నియమావళిలో అడ్డు పెట్టాలి, అక్క పెట్టడం మర్చిపోయింది" అంది చెల్లి లోపలి నుంచి.

చిన్న పొరపాటు. పెద్ద పెద్ద స్థాపకులందరికీ జరిగేదే.

13వ తేదీ, శనివారం

చదవకపోవడానికి కారణాలు (నిజాయితీగా):
తలనొప్పి.
ఫ్యాను మరీ చప్పుడు చేయకపోవడం వల్ల నిద్ర వస్తోంది.
పుస్తకం నా దగ్గర లేదు.
పుస్తకం తిరిగి అడిగితే చెల్లి మనసు నొచ్చుకుంటుంది.
చార్టు ఎండకి వెలిసిపోయింది. వెలిసిన చార్టుని ఎలా నమ్మడం?

16వ తేదీ, మంగళవారం

పదకొండు గంటలకి అమ్మ ముందుగదిలోకి వచ్చింది. నేను చార్టు మీద చెంప ఆనించి పడుకుని ఉన్నాను. లేచేసరికి ముఖం మీద పచ్చరంగు గళ్లు. అమ్మ తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. అరిచినా బాగుండేది.

18వ తేదీ, గురువారం

తలుపు కిందనుంచి కాగితం జారింది. దాని మీద ఆరు గంటలు కష్టపడి నేను చెక్కిన ముద్ర.

"అసాధారణ సర్వసభ్య సమావేశం. 20వ తేదీ, శనివారం, సాయంత్రం 5 గంటలు, వంటగది. విషయం: చదువు డైరెక్టరుని పదవి నుంచి తొలగించడం."

నవ్వాను. తర్వాత చెల్లి గదిలోంచి పుస్తకం ఎత్తుకొచ్చాను. కదలకుండా కూర్చుని 19 పేజీలు చదివాను. ఈ నెలలో ఇదే రికార్డు. దొరికింది. సర్వసభ్య సమావేశానికి ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వీళ్లిచ్చింది రెండు రోజులు. వంటగదిలోకి విజయయాత్రలా వెళ్లాను.

"ఈ నోటీసు చెల్లదు" అన్నాను.

చెల్లి కూరగాయలు తరుగుతోంది. తలెత్తలేదు. "తొంభై అయిదు శాతం వాటాలున్నవాళ్లు ఒప్పుకుంటే తక్కువ గడువు చాలక్కా. కింద పేరాలోనే ఉంది. మా నలుగురివీ కలిపితే సరిగ్గా తొంభై అయిదు."

కింద పేరా దాకా నేను వెళ్లలేదు. కావలసింది దొరికాక ఎవరైనా ఆగిపోతారు. ఆరో గుండీ ఒక్కటి ఉంచుకుని ఉంటే బతికిపోయేదాన్ని.

20వ తేదీ, శనివారం. సాయంత్రం 7.00

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాన్న స్టూలు మీద కూర్చుని అధ్యక్షత వహించాడు. ఓట్లకి రెండు గిన్నెలు పెట్టారు, ఒకటి తొలగింపుకి, ఒకటి నాకు. నేను మూడు అభ్యంతరాలు లేవదీశాను. చెల్లి పేజీ నంబర్లు చెప్పి మూడింటినీ కొట్టేసింది. అది పుస్తకం చూడకుండా చెప్పింది. నేను చూసి కూడా వెతుక్కున్నాను.

"తొలగించే ముందు డైరెక్టరు వాదన వినాలి. అదీ చట్టమే. పది నిమిషాలు మాట్లాడమ్మా" అన్నాడు నాన్న.

తలనొప్పి దగ్గర మొదలుపెట్టాను. ఫ్యాను దాకా వచ్చేసరికి నాయనమ్మ చెయ్యెత్తింది.

"అవన్నీ నీ డైరీలో రాసుకోవే. ఇక్కడ నిజం చెప్పు."

ఎందుకు చెప్పానో తెలియదు. బహుశా మీటింగు కాబట్టి. ఇంట్లో ఎవరూ ఎవరినీ పది నిమిషాలు ఆపకుండా మాట్లాడనివ్వరు.

"మొదటిసారి నేను చదివాను" అన్నాను. "నాలుగు నెలలు లైబ్రరీలో కూర్చుని మొత్తం చదివాను. నలభై రావాలి, ముప్పై నాలుగు వచ్చాయి. ఇంటికొచ్చి పుస్తకం ముట్టుకోలేదని చెప్పాను. ఇది చదివితే ఎందుకు తప్పుతుందిలే అని నాన్న నవ్వాడు. రెండోసారి నిజంగానే ముట్టుకోలేదు. ఇరవై రెండొచ్చాయి. ఆ ఇరవై రెండుకి నాకు సిగ్గేయలేదు. ముప్పై నాలుగు గుర్తొస్తే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు."

స్టవ్ మీద ఏదో అడుగంటుతోంది. అమ్మ కూడా లేవలేదు.

ఏడాదిగా నేను చేస్తున్నది ఇదీ: చదవలేదు కాబట్టే పోయిందన్న అబద్ధాన్ని నిజం చేయడానికి రాత్రింబవళ్లు కష్టపడుతున్నాను. చార్టులు, ముద్రలు, గుండీలు అన్నీ అందుకే. ఇందులో సగం కష్టం పుస్తకం మీద పెట్టి ఉంటే ఎప్పుడో పాసయ్యేదాన్ని.

నాయనమ్మ అడిగింది: "అయితే చదివితే పోతుందని భయమా?"

"అవును."

"చదవకపోతే ఎలాగూ పోతుందిగా. దానికి భయం వేయదా?"

"దానికి కారణం చెప్పుకోవచ్చు నాయనమ్మా."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. నా పక్షానికి వచ్చేసిందనుకున్నాను. నలభై గుండీలూ తీసి తొలగింపు గిన్నెలో పోసింది. అమ్మ తన ముప్పై పోసింది. నాన్న తటస్థం. జీవితమంతా తటస్థమే. చెల్లి పది గుండీలూ నా గిన్నెలో వేసింది. దాని వైపు చూడలేకపోయాను. నా అయిదూ వేసుకున్నాను. డెబ్బైకి పదిహేను. తొలగించారు.

తర్వాత చెల్లి మీటింగు వివరాలు చదివి వినిపించింది. చివరి వాక్యం: "తాను ఏడ్చిన విషయం రాయవద్దని డైరెక్టరు కోరారు. ఆ కోరిక నమోదు చేయడమైనది."

21వ తేదీ, ఆదివారం

ఉదయం అంట్లు తోమాను. ముందుగది ఇప్పుడు ఉమ్మడి. బల్ల సగం చెల్లిది, సగం నాది. అది చదివి నన్ను ప్రశ్నలడుగుతుంది. తప్పు చెబితే అనునయంగా సరిదిద్దుతుంది. ఆ అనునయం భరించడం కష్టంగా ఉంది. చీదరించుకుంటే సుఖంగా ఉండేది.

31 పేజీలు.

23వ తేదీ, మంగళవారం

4 పేజీలు. కారణం: చెల్లి ఊపిరి పీల్చే చప్పుడు. కాదు. కారణం: పేజీలు పెరిగేకొద్దీ మళ్లీ ఆ ముప్పై నాలుగే కనిపించింది, పుస్తకం మూసేశాను.

26వ తేదీ, శుక్రవారం

22 పేజీలు. నిన్న 30. డైరెక్టర్ల బాధ్యతలు చదువుతుంటే ఒళ్లు మండింది. ఒక్కటి కూడా నేను పాటించలేదు. బాగా గుర్తుంటుంది.

నిన్న సాయంత్రం నాన్న టీ తెచ్చి బల్ల మీద పెట్టి అన్నాడు: "ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది." సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. తటస్థుడికి ఇది చాలా పెద్ద ప్రకటన.

28వ తేదీ, ఆదివారం

మొత్తం 190. మిగిలింది 650. ఇక లెక్క వేయను.

29వ తేదీ, సోమవారం

అయిదు ప్రశ్నలు రాయాలి. మూడు పూర్తిగా, ఒకటి సగం రాశాను. అయిదోది నాతో ఎప్పుడూ పరిచయం లేని ప్రశ్న. ముందు వరసలో చెల్లి మూడుసార్లు అదనపు కాగితాలు అడిగింది. బస్సులో ఇద్దరం కిటికీలోంచి చూస్తూ వచ్చాం.

ఆ తర్వాతి నెల 24వ తేదీ

చెల్లికి 68. నాకు 37.

ఆరేడు రోజుల చదువుకి, నాలుగు నెలల చదువు కంటే మూడు మార్కులు ఎక్కువ. ఇందులో ఏదో నీతి ఉండాలి, వెతికే ఓపిక లేదు. చెల్లి తన మార్కులు ఎవరికీ చెప్పకుండా స్నానానికి వెళ్లిపోయింది, గంటసేపు బయటికి రాలేదు. కుళాయి తిప్పిన చప్పుడు కూడా లేదు.

అమ్మ అడిగింది: "ఎలా పోయిందే?"

"చదవలేదుగా" అన్న మాట నోటిదాకా వచ్చేసింది. ఏడాదిగా అలవాటైన నోరు. మింగేశాను.

"చదివాను. చాల్లేదు."

"సరే, ఇంకాస్త చదువు" అని అమ్మ పనిలోకి వెళ్లిపోయింది. ఏడాదిపాటు నేను పారిపోయింది ఈ మూడు మాటలనుంచా?

1వ తేదీ, శనివారం. కొత్త తరగతి, పాత సంవత్సరం

5.00 లేచాను. (7.10.)

క్లాసులో అందరూ నాకంటే చిన్నవాళ్లు. పక్కన కూర్చున్న అమ్మాయి గుసగుసగా అడిగింది: "అక్కా, మీరు అసలు పుస్తకమే తెరవకుండా మూడుసార్లు రాశారటగా? కాలేజీ అంతా చెప్పుకుంటారు." దాని కళ్లలో ఎంత గౌరవమో. ఇన్నాళ్లూ కష్టపడి సంపాదించుకున్న పేరు అది.

"ఎవరు చెప్పారు? ఒకసారి బాగా చదివి పోయాను. ఒకసారి చదవక పోయాను. ఒకసారి కొంచెం చదివి, కొంచెంలో పోయాను" అన్నాను.

ఆ గౌరవం అక్కడికక్కడే ఆరిపోయింది. తన పుస్తకాలు కొంచెం అటు జరుపుకుంది. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత బెంచీ మీద వెనక్కి జారబడి కూర్చోవాలనిపించింది.

కొత్త ప్రణాళిక: 840 పేజీలు, పది నెలలు, రోజుకి మూడు. చార్టు లేదు. ఇవాళ రెండయ్యాయి. మూడోది భోజనం చేసి వచ్చి చదువుతాను.